చెంచాడు తోడు

ఆసుపత్రి, నాలుగో అంతస్తు
జూన్ 11

అన్నయ్యకి,

"మేము క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టను. క్షేమమైతే ఉత్తరమెందుకు, ఫోనుందిగా. ఫోన్లో నేననే ప్రతి మాటా మన చిన్నది, పిడుగు, వింటుంది. దానికి ఏడేళ్ళే గానీ చెవులు పెద్ద ముత్తైదువవి. మంచం పక్కన నిలబడి నీతో "బాగానే ఉందన్నయ్యా" అంటుంటే నా మొహంలోకే చూస్తుంది. అందుకని ఇకనుంచి ఫోన్లో చెప్పేది దానికి, ఉత్తరంలో రాసేది నీకు. ఆయన బస్సు రోజు విడిచి రోజు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఉత్తరాలు డ్రైవరు సీటు పక్క పెట్టెలో వస్తాయి. ఆయన మోస్తాడు, చదవడు. చదివితే ఆ రోజు బండి నడపలేనంటాడు.

దానికి జబ్బు తిరిగొచ్చింది. రెండేళ్ళు మందులు పోసి తరిమేశామనుకున్న రక్తం కేన్సరు, ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారి మందులొక్కటే చాలవట. రక్తం తయారయ్యేది ఎముకల్లో ఉండే మూలుగలో. ఆ మూలుగని మందులతో మొత్తం ఖాళీ చేసేసి, ఇంకొకరి మూలుగలోంచి తీసిన మూలకణాలు ఎక్కించాలి. కాగితం మీద "మూలకణ మార్పిడి" అని రాసిచ్చారు. నాదీ ఆయనదీ సగం సగమే కలిశాయి. పెద్దదానిది మాత్రం పూర్తిగా కలిసింది. డాక్టరమ్మ ఆ మాట అనగానే రిపోర్టు కాగితాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చేశాను.

పెద్దదాన్ని, అదే మన జడ్జిగారిని, నీ దగ్గరికి పంపుతున్నాను. సెలవులైపోయాక అక్కడే బడికి పంపు. దానికి తిండి దగ్గర పేచీ లేదు, న్యాయం దగ్గరే పేచీ అని వదినకి చెప్పు.

పిడుగుకి గౌన్లు కావాలి. ఛాతీలో గొట్టం పెట్టారు కాబట్టి తల మీదనుంచి తొడిగేవి కుదరవు. ముందువైపు మొత్తం తెరుచుకోవాలి, మెత్తటి నూలుది అయ్యుండాలి. ఛాతీ ఇరవై నాలుగు, పొడవు ఇరవై ఆరు.

అది బతకాలన్నయ్యా. ఇంకేమీ అడగను.

నీ చెల్లెలు


కుట్టు దుకాణం, మిషను ముందు
జూన్ 15

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి ఏం రాయాలో తెలీక నాలుగు రోజులు గౌన్లు కుట్టాను. నాకు చేతయింది అదే. నాలుగూ దీనితోపాటు వస్తున్నాయి. గుండీలు పడుకుంటే గుచ్చుకుంటాయని నాడాలు పెట్టాను. పక్క కుట్లలో రెండేసి వేళ్ళ బట్ట లోపలికి వదిలాను. ఎదిగే పిల్ల కదా, విప్పితే వదులవుతుంది.

జడ్జిగారు ఒక సంచీ, ఒక చట్టం పట్టుకుని దిగింది. మీ ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు అక్కాచెల్లెళ్ళు రాసుకున్న రూల్సు ఉన్నాయటగా, ఇక్కడా అవే చెల్లుతాయని మొదటిరోజే మీ వదినకి చదివి వినిపించింది. ఒకటి, మార్పిడి అంటే ఇద్దరూ ఇవ్వాలి, ఒకళ్ళే ఇస్తే అది మార్పిడి కాదు. రెండు, మార్పిడి అయ్యాక తిరిగి అడగకూడదు. మూడు, ఏడిస్తే చెల్లదు. మీ వదిన సరదాపడి తన కొమ్ము దువ్వెన ఇచ్చి బదులుగా సుద్దముక్కల డబ్బా పుచ్చుకుంది. ఆ డబ్బా నాది! నా దుకాణంలో నా సుద్దకి నేను మీ వదిన దగ్గర చెయ్యి చాస్తున్నాను.

ఇన్ని మార్పిడులు చేసినా తనకి దక్కనిది ఒక్కటేనని చెప్పింది. మీ ఇంట్లో మంచం మీద కిటికీ పక్క చోటు. ఆరు పెన్సిళ్ళు, బొమ్మ గొడుగు, ఊడిన పన్ను ఇస్తానన్నా పిడుగు ఆ చోటు వదల్లేదట. పిడుగా మజాకా.

ఒక్క మాట. నువ్వు రాసిన కొలతలు, నిరుడు బడి తెరిచేముందు నేను స్వయంగా తీసిన కొలతలే. అంగుళం కూడా తేడా లేదు. పిల్ల అలాగే ఉందా?

అన్నయ్య


ఆసుపత్రి, నాలుగో అంతస్తు
జూన్ 24

అన్నయ్యకి,

నువ్వు దర్జీవి, నీతో అబద్ధం ఆడటం నాదే బుద్ధితక్కువ. ఆ కొలతలు పాతవే. టేపు తీసి చుట్టాను, చూశాను, మళ్ళీ మడిచి సంచిలో పెట్టేశాను. ఆ అంకె నా చేత్తో రాయలేకపోయాను. నీ గౌను తొడిగితే భుజం మీదనుంచి జారి మోచేతి దగ్గరికొచ్చింది. పిడుగు కిందికి చూసుకుని, "మామయ్య అక్క కొలత పెట్టి కుట్టాడే" అంది. నిన్ను తప్పుపట్టింది. తప్పు నీ మీదే ఉండనిచ్చాను.

రాసుకో. ఛాతీ ఇరవై ఒకటిన్నర. పొడవు అదే. మొహం మాత్రం మందులకి ఉబ్బి గుండ్రంగా అయింది, ఫొటో చూస్తే బొద్దుగా ఉందనుకుంటావు. తల చుట్టుకొలత పంతొమ్మిదిన్నర. టోపీ కూడా కావాలి, ఏసీకి బోడిగుండు చల్లబడుతోంది.

ఎదిగే పిల్ల అని రెండేసి వేళ్ళ బట్ట వదిలానన్నావు చూడు, ఆ మాటకి నీ మీద చాలా కోపం వచ్చింది. ఎందుకో నువ్వే అర్థం చేసుకో.

పరీక్షలకి జడ్జిని తీసుకొచ్చావుగా, నువ్వు కింద టీ తాగడానికెళ్ళినప్పటి సంగతి చెబుతాను. డాక్టరమ్మ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నీకిష్టమేనా అని అడిగింది. ఇష్టమే అంది. ఏం చేస్తామో తెలుసా అంటే, "తెలుసు, మార్పిడి" అని ఠకీమని చెప్పింది. డాక్టరమ్మ తెగ మెచ్చుకుంది. నాకూ గర్వంగానే అనిపించింది. మార్పిడి జూలై ఇరవై మూడున.

చెల్లెలు


కుట్టు దుకాణం
జూలై 3

చెల్లాయికి,

కోప్పడితే కోప్పడు, పడతాను. కొత్త గౌన్లలో కూడా రెండేసి వేళ్ళ బట్ట వదిలాను. అది నా అలవాటు కాదు, నా పంతం.

జడ్జి బాగానే ఉంది. బడికెళుతోంది, వస్తోంది. ఈమధ్య కొంచెం నెమ్మదించింది. మార్పిడులు తగ్గాయి. రంగు పెన్సిళ్ళ పెట్టె పక్కింటి పిల్లకిచ్చేసింది. బదులేం తీసుకున్నావంటే ఏమీ లేదంది. తాడాట తాడూ అంతే, ఇచ్చేసింది. పెద్దదవుతోంది, బుద్ధి వస్తోందని మీ వదినంది. కంగారుపడాల్సిందేమీ లేదు.

ఇంకో సంగతి. పిడుగుకి టోపీ కుట్టాలని చెబితే, "రెండు కుట్టు మామయ్యా, నాకొకటి" అంది. చెల్లెలికి తోడుగా తనూ పెట్టుకుంటుందన్నమాట. అది విని లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చి మళ్ళీ మిషనెక్కాను.

అన్నయ్య


ఆసుపత్రి, గాజు గది
జూలై 14

అన్నయ్యకి,

రెండు టోపీల సంగతి చదివి నేనూ ఏడ్చాను. మంచిపిల్లని కన్నాను. దాని సంగతి ఆలోచించే తీరిక ఇప్పుడు నాకు లేదు గానీ, దాని గురించి దిగుల్లేదు, అదే నా అదృష్టం.

మమ్మల్ని గాజు గదిలోకి మార్చారు. రెండు తలుపులు. మొదటి తలుపు దాటగానే చెప్పులు విప్పి, చేతులు మోచేతుల దాకా కడిగి, గౌనూ మూతిగుడ్డా వేసుకుని రెండో తలుపు తియ్యాలి. నీ గౌన్లు ఉతికి, కాలేలా ఇస్త్రీ చేసి, కొత్త సంచిలో మూసి లోపలికిస్తున్నారు. ఉత్తరాలు లోపలికి రానివ్వరు, ఆ మధ్య గదిలోనే నిలబడి చదువుకుంటాను.

ఇవాళ మూలుగని ఖాళీ చేసే మందు మొదలుపెట్టారు. ఇక వెనక్కి తిరగడం లేదన్నయ్యా. వారంలో దాని ఒంట్లో సొంత రక్తం తయారవడం ఆగిపోతుంది. ఆ తరవాత అక్కది ఎక్కకపోతే, ఎక్కినా నిలబడకపోతే, ఇంకేమీ లేదు. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. నేనూ నీకు దాచకుండా రాస్తున్నాను. ఇరవై ఒకటికల్లా జడ్జిని తీసుకుని వచ్చెయ్యి. దానికి జలుబు చెయ్యకుండా చూసుకో.

చెల్లెలు


కుట్టు దుకాణం
జూలై 17

చెల్లాయికి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. చేతిలో ఏదైనా ఉంటే కింద పెట్టు. జడ్జికి ఏమీ కాలేదు, జలుబు కూడా లేదు. ఇది తెలుసుకున్నాకే ముందుకి చదువు.

పొద్దున టోపీల పని పెట్టుకున్నాను. పిడుగుది కత్తిరించేశాను. జడ్జి తల చుట్టూ టేపు పెట్టి, జడలున్నాయి కదా, అంగుళం వదులు పెడతానన్నాను. వద్దు, జుట్టు పోయాక వదులైపోతుంది, బిగుతుగానే కుట్టమంది. నీ జుట్టెందుకు పోతుందే పిచ్చిమొహమా అని నవ్వాను. అది నవ్వలేదు.

"మార్పిడి అంటే అటుది ఇటు, ఇటుది అటు కదా మామయ్యా. నాది దానికిస్తారు. దానిది నాకిస్తారు."

చెల్లాయీ, టేపు దాని తల చుట్టూ అలాగే ఉండిపోయింది. మరి జబ్బు నీకొస్తుందని తెలిసే సరేనన్నావా అని అడిగాను. తెలుసంది. డాక్టరమ్మతో చెప్పిందటగా, తెలుసని. ఎందుకు ఒప్పుకున్నావమ్మా అంటే, తీర్పు చదివినట్టు చెప్పింది. అది చిన్నది. రెండేళ్ళు అది పడింది. ఇప్పుడు నా వంతు. వంతులేసుకోవడమే న్యాయం. పెన్సిళ్ళూ తాడూ ఇచ్చేసింది కూడా అందుకేనట, మంచం మీద ఉండేదానికి తాడెందుకని.

"నేనేం అడగను. కిటికీ పక్క చోటు మాత్రం నాకిమ్మను. ఎప్పుడూ పడుకునే ఉండాలిగా."

నెలరోజులుగా ఈ పిల్ల మా ఇంట్లో అన్నం తింటూ, బడికెళుతూ, లోపల ఇది పెట్టుకుని తిరిగింది. నెమ్మదించిందని నీకు రాశానే, రాత్రి భోజనాలు సగంలో వదిలేస్తోందని రాయలేదు. నీకున్న బాధకి ఇదొకటెందుకని దాచాను. మూలిగే నక్క మీద తాటిపండు నేను పడెయ్యడమెందుకనుకున్నాను. తప్పు నాది.

దానికి విడమరిచి చెప్పబోయాను. నాకు తెలిసిన భాషలో గుడ్డ తాను, ముక్క అని మొదలుపెట్టాను. తానులోంచి ముక్క కత్తిరిస్తే తాను తగ్గుతుందిగా అని అడ్డుప్రశ్న వేసింది. లోపలనుంచి మీ వదిన వింటోందని నాకు తెలీదు. పెరుగు గిన్నె, చెంచా పట్టుకుని వచ్చి దుకాణం మధ్యలో, కత్తిరించిన బట్టల మీదే కూర్చుంది. పక్కింటావిడ గిన్నె తెచ్చి తోడు అడిగితే నేనేం ఇస్తాను అని అడిగింది. చెంచాడు పెరుగు అంది జడ్జి. ఆ చెంచాడుతో ఆవిడ గిన్నెడు పాలూ పెరుగైపోతాయి కదా, మరి మన గిన్నె తగ్గిపోయిందా? లేదు, మళ్ళీ నిండుతుంది. ఆవిడ విరిగిన పాలు తెచ్చి మన గిన్నెలో పోస్తుందా? పొయ్యదు. "అంతేనే తల్లీ. నీ దగ్గర తీసేది చెంచాడు తోడు. అటునుంచి నీకేమీ రాదు. వాళ్ళు అక్కడ గిన్నె తోమి బోర్లించి నీ చెంచాడు కోసం ఎదురుచూస్తున్నారు."

అరగంట ప్రశ్నలు వేసింది. జడ్జి కదా, సాక్షిని అంత తేలిగ్గా వదలదు. మరి కాగితం మీద మార్పిడి అని ఎందుకు రాశారు అని చివరి ప్రశ్న. రాసినవాడు జన్మలో పాలు తోడుపెట్టి ఉండడు అంది మీ వదిన.

అప్పుడు, ఇది మార్పిడి కాదు కాబట్టి ఏడవచ్చా అని అడిగి మరీ ఏడ్చింది. మీ వదిన ఒళ్ళో పడి గంటసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక నేను మళ్ళీ అడిగాను, ఇప్పుడు నిజంగా తెలిసింది కదా, సూది గుచ్చుతారు, నాలుగు రోజులు నడుము నొప్పి ఉంటుంది, ఇష్టమేనా అని. అక్కడ మందు మొదలైపోయాక ఆ మాట అడిగే హక్కు నాకుందో లేదో తెలీదు, అయినా అడగకుండా ఉండలేకపోయాను. ముక్కు తుడుచుకుని, "చెంచాడేగా" అంది.

రాత్రి రెండుసార్లు అన్నం వడ్డించుకుంది.

అన్నయ్య


ఆసుపత్రి, మధ్య గది
జూలై 18

అన్నయ్యకి,

కూర్చోవడానికి ఇక్కడ కుర్చీ లేదు. నిలబడే చదివాను, తరవాత నేల మీద కూర్చుండిపోయాను. నర్సు వచ్చి లేపింది.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అది అడగలేదు, నేను పెట్టలేదు. రిపోర్టు వచ్చిన రోజు నేను గుండెకి హత్తుకున్నది కాగితాన్ని. పిల్ల పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. కాళ్ళు ఊపుతూ నన్నే చూస్తోంది. ఆ కాళ్ళు ఇప్పుడు గుర్తొస్తున్నాయి. నీకు భయంగా ఉందా అని ఒక్కసారి అడిగానా? లేదు. దిగుల్లేని పిల్ల అని నీకు గొప్పగా రాశాను. తల్లినై ఉండి నేనన్న మాట అది.

తనకి జబ్బొస్తుందనుకుని కూడా సరేనందంటే, నేను అలా అడిగాననే కదా అది అనుకుంది? పెద్దదాన్నిచ్చి చిన్నదాన్ని తెచ్చుకుంటానని అది నమ్మిందన్నయ్యా. నన్ను తప్పు కూడా పట్టలేదు.

డాక్టరమ్మకి చెప్పాను. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇకమీదట పిల్లల్ని తెలుసా అని అడగను, తెలిసింది చెప్పు అని అడుగుతాను అంది. దాన్ని తనే మళ్ళీ కూర్చోబెట్టి బొమ్మలు గీసి చెబుతానంది.

మీరొచ్చిన రోజు వరండా చివర బెంచీ దగ్గర ఉంటాను. ఆయన్ని గాజు గదిలో కూర్చోబెడతాను. పిడుగు పిలిస్తే పిలవనీ. ముందు పెద్దదాన్ని చూస్తాను.

వదిన కాళ్ళకి దణ్ణం పెట్టానని చెప్పు.

చెల్లెలు


కుట్టు దుకాణం
జూలై 27

చెల్లాయికి,

క్షేమంగా చేరాం. దాని నడుము వెనక రెండు పట్టీలు, అంతే. కూర్చోవడానికి మధ్యలో గుంట పెట్టి దిండు కుట్టాను. ఆ దిండు మీద కూర్చుని దర్బారు నడుపుతోంది.

బెంచీ మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుని దానితో ఏం చెప్పావో నాకు వినపడలేదు. బస్సులో అడిగితే, "అది నాకూ అమ్మకీ" అంది. బావ అద్దంలోంచి చూశాడు, ఆయనా అడగలేదు. దాని మూలుగ సంచిని గాజులోంచి చూసినప్పుడు మాత్రం మొహం వేలాడేసింది గుర్తుందా, ఇంతేనా అని. దానిమ్మరసం రంగు చిన్న సంచీ. గొట్టంలోంచి చుక్కచుక్కగా పోయింది. నేనూ ఇంకేదో పెద్దది జరుగుతుందనుకున్నాను.

ఇక్కడ కొత్త చట్టం వచ్చింది. తోడుపెట్టిన గిన్నె ఎవరూ కదపకూడదు, మూత తీసి చూడకూడదు, పక్కన గట్టిగా నడవకూడదు. మీ వదిన తన వంటింట్లో తనే మునివేళ్ళ మీద నడుస్తోంది.

అన్నయ్య


ఆసుపత్రి, మధ్య గది
ఆగస్టు 4

అన్నయ్యకి,

పన్నెండు రోజులైంది. రోజూ పొద్దున తెల్లకణాల అంకె తలుపు మీద బోర్డు మీద రాస్తారు. సున్నా. నిన్నా సున్నా, మొన్నా సున్నా. చెరిపి మళ్ళీ అదే రాయడమెందుకు, ఉంచెయ్యొచ్చుగా అని నర్సు మీద అరిచాను.

నోటినిండా పుండ్లు. ఉమ్మి కూడా మింగలేకపోతోంది. మాట్లాడదు. కావలసింది వేలితో మంచం పట్టీ మీద కొట్టి చెబుతుంది, ఒకటి నీళ్ళు, రెండు నొప్పి. రెండే కొడుతోంది.

పుండ్లు రాకముందు దానికి తోడు కథ చెప్పాను. అన్నీ విని, "పెరుగు కథ చెబుతారు గానీ పెరుగు మాత్రం పెట్టరు" అంది. నిజమే, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు దీనికి నిషేధం, అందులో సూక్ష్మజీవులుంటాయట. అక్క ఏమనుకుందో, ఏమనుకుని కూడా సరేనందో అదీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. కిటికీ చోటు సంగతి విన్నాక గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాటినుంచి నోరు పుండైంది. ఏమనుకుందో నాకు తెలీదు.

భయంగా ఉందన్నయ్యా. వదిననడుగు, తోడు మంచిదైనా ఒక్కోసారి పాలు పాలుగానే ఉండిపోతాయి కదా? అప్పుడేం చేస్తారు?

చెల్లెలు


కుట్టు దుకాణం
ఆగస్టు 6

చెల్లాయికి,

వాతావరణం చల్లగా ఉంటే ఆలస్యంగా తోడుకుంటాయి, అంతేనంది మీ వదిన. మీ గది ఏసీ గదేగా. నీ రెండో ప్రశ్న మీ వదిననడగలేదు. నాకు జవాబు వినే ధైర్యం లేదు.

నిన్న ఒక పని చేశాను. పిడుగుకి బడి గౌను కత్తిరించాను. నీలం గళ్ళది, చేతులు పొడుగువి. ఛాతీ ఇరవై నాలుగున్నర పెట్టాను. కొలతకి ఆది గౌను లేదు, టేపు లేదు. వచ్చే బడి రోజులకి అది ఎంత ఉంటుందో ఊహించి కత్తెర పెట్టాను. ఆది లేకుండా గుడ్డ మీద కత్తెర పెట్టడం నా జన్మలో ఇదే మొదలు. పాడైతే పాడవనీ.

జడ్జి నిన్ను అడగమన్న మాట ఒకటుంది. ఎవరైనా మాటిమాటికీ మూత తీసి చూస్తున్నారా అని.

అన్నయ్య


ఆసుపత్రి, మధ్య గది
ఆగస్టు 10

అన్నయ్యకి, వదినకి, జడ్జిగారికి,

తోడుకుంది.

మొన్న ఐదువందల ఇరవై. నిన్న ఏడొందలు. ఇవాళ పదకొండొందలు. వరసగా మూడు రోజులు పెరిగితే అక్క కణాలు నిలబడ్డట్టేనట. డాక్టరమ్మ బోర్డు దగ్గరికొచ్చి అంకె తనే రాసింది. ఇంతకన్నా రాయలేను.

మూత నేనే తీసి చూశాను, రోజుకి పదిసార్లు. క్షమించమను.

చెల్లెలు


మన ఇల్లు, వంటగది గట్టు
నవంబరు 6

అన్నయ్యకి,

చాలా రోజుల తరవాత పై గీత మీద మన ఇల్లు అని రాశాను. రాసి కాసేపు చూసుకున్నాను.

ఆయన తెరలన్నీ విప్పి, గోడలు కడిగి, ఇల్లు ఆసుపత్రి చేసి పెట్టాడు. నిన్న అక్కాచెల్లెళ్ళిద్దరూ గుమ్మంలో కొత్తవాళ్ళలా నిలబడ్డారు. పిడుగు మూతిగుడ్డలోంచి, "నువ్వు పొడుగయ్యావే" అంది. జడ్జి, "నీకు జుట్టొస్తోందే" అంది. నిజమే, కోడిపిల్ల నూగులా వస్తోంది. రక్తం గ్రూపు కూడా మారిపోయింది, ఇప్పుడు దానిది అక్క గ్రూపే. నీ నీలం గళ్ళ గౌను తొడిగాను. వదులుగానే ఉంది, కానీ భుజం మీద నిలబడింది. ఛాతీ ఇరవై మూడు. టేపుతో కొలిచే రాస్తున్నాను.

అయిపోయిందని రాయను. రెండేళ్ళు కనిపెట్టుకుని ఉండాలి, వారం వారం రక్తం చూపించాలి. తిరిగి రాదని డాక్టరమ్మ మాటివ్వలేదు. పెరుగు ఇంకా కొన్నాళ్ళు వద్దంది.

సాయంత్రం పిడుగు ఎవరితోనూ చెప్పకుండా తన దిండు కిటికీ పక్కనుంచి తీసి గోడ పక్క పెట్టింది. జడ్జి చూసి, తనది మార్పిడి కాదనీ, తోడుకి బదులు పుచ్చుకోననీ, దిండు వెనక్కి పెట్టేసింది. మళ్ళీ మార్చింది పిడుగు. మళ్ళీ పెట్టింది ఇది. నాలుగుసార్లు అయ్యాక పిడుగుకి ఆయాసం వచ్చింది. జడ్జి భయపడిపోయి ఇంకేమీ అనకుండా వెళ్ళి కిటికీ పక్కన పడుకుంది. పిడుగు గోడ పక్క చేరి, గెలిచిన మొహం పెట్టుకుని నిద్రపోయింది.

ఇవాళ బట్టలు సర్దుదామని బీరువా తెరిచాను. తలుపు లోపల వాళ్ళ మూడు రూల్సూ అలాగే ఉన్నాయి. మార్పిడి అయ్యాక తిరిగి అడగకూడదు అన్నదాని కింద కొత్తగా ఒక వరస ఉంది. పిడుగు రాత, అక్షరాలన్నీ కుడివైపుకి పడిపోతూ ఉన్నాయి. ఇన్నాళ్ళూ పెన్సిలు పట్టని చెయ్యి ఇంకా కుదురుకోలేదు.

"తోడయితే అడగచ్చు. అక్కది ఎప్పుడైనా అయిపోతే నా దగ్గరుంది."

అడగనిదే అమ్మైనా పెట్టదని నేను రాశాను కదా. అడగమని ముందే రాసిపెట్టింది ఏడేళ్ళది.

కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. పక్కన జడ్జి గుండ్రటి రాతలో సాక్షి అని రాసి, చోటు ఖాళీగా వదిలిపెట్టి ఉంది. పెన్సిలు వెతికి తెచ్చుకుని అక్కడ అమ్మ అని రాశాను.

నీ చెల్లెలు